ఇరుసు తిరిగే బండి

(డాలస్ శివార్లలోని తెలుగు కుటుంబాల నెలవారీ సమావేశంలో, ఇండోర్ గో-కార్టింగ్ అభిరుచి గురించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ప్రతి నెలా ఈ వేదిక మీద సాహిత్యం గురించో, సంగీతం గురించో, ఆరోగ్యం గురించో పెద్దలు మాట్లాడగా విన్నాం. ఈసారి ఇండోర్ గో-కార్టింగ్ గురించి, అంటే భవనం లోపల వేసిన దారిలో నేలబారుగా ఉండే చిన్న నాలుగు చక్రాల బండ్లతో చేసే రేసు గురించి, చెప్పమని నిర్వాహకులు అడిగిన వెంటనే ఒప్పుకున్నాను. తొమ్మిదేళ్ళుగా మంగళవారం సాయంత్రాలు నేను గడుపుతున్నది ఆ ట్రాక్ మీదే అయినా, దాని గురించి తెలుగులో నోరారా మాట్లాడే అవకాశం నాకు ఇంతవరకు రాలేదు.

ఇక్కడున్న వాళ్ళలో చాలామంది పిల్లల పుట్టినరోజుకో, ఆఫీసు వాళ్ళ విందుకో ఒకసారి కార్ట్ ఎక్కే ఉంటారు. నాలుగు చుట్లు తిరిగి, హెల్మెట్‌తో ఒక ఫొటో దిగి, మళ్ళీ ఆ వైపు వెళ్ళి ఉండరు. అలా ఒక్కసారితో వదిలేయడం వల్ల దానిలోని అసలు ఆనందం మనకు అందకుండా పోతోందని నా నమ్మకం. బయటినుంచి చూసేవారికి ఇది వేగానికి సంబంధించిన సరదాగా కనిపిస్తుంది. ఏడాదిపాటు చేసి చూస్తే, ఎక్కడ నెమ్మదించాలో, ఎంత నెమ్మదించాలో నేర్చుకునే సాధన ఇది అని తెలుస్తుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ నెమ్మది గురించే.

2016లో, నాకు 41 ఏళ్ళప్పుడు, మా ఆఫీసు వాళ్ళు ఒక మధ్యాహ్నం అందరినీ ఒక ఇండోర్ ట్రాక్‌కు తీసుకువెళ్ళారు. నాకు 17వ నంబరు కార్ట్ ఇచ్చారు. ఇండియాలో పదేళ్ళు మోటారు సైకిలు, ఇక్కడ పన్నెండేళ్ళు కారు నడిపిన ధీమాతో కూర్చున్నాను. యాక్సిలరేటర్‌ను చివరంటా తొక్కిపెట్టి, ప్రతి మలుపు దగ్గరా ఆఖరి క్షణంలో బ్రేకు మీద కాలు వేసి, స్టీరింగ్‌ను ఒక్కసారిగా తిప్పేవాణ్ణి. వెనుక చక్రాలు కీచుమంటూ పక్కకు జారేవి. ఆ చప్పుడు వింటూ, నేను చాలా వేగంగా వెళుతున్నానని అనుకున్నాను. 12 ల్యాప్‌లు, అంటే ట్రాక్ చుట్టూ 12 పూర్తి చుట్లు, అయ్యాక చేతికిచ్చిన కాగితంలో నా పేరు అన్నిటికన్నా కింద ఉంది. నా మంచి ల్యాప్ 34.8 సెకన్లు. కార్ట్‌లోనే ఏదో లోపం ఉందని నాకు గట్టిగా అనిపించి, ఆ మాట అక్కడ పనిచేసే కుర్రవాడితో అన్నాను. తరువాతి రేసులో అదే 17వ నంబరు కార్ట్‌లో అరవై దాటిన ఒక అమెరికన్ పెద్దావిడ కూర్చున్నారు. నేను కంచె పక్కన నిలబడి ఆవిడ వెళ్ళిన ప్రతి మలుపూ చూశాను. కార్ట్ ఎక్కడా కీచుమనలేదు. ఆవిడ చేతులు కదిలినట్టే కనిపించలేదు. ఆవిడ మంచి ల్యాప్ 31.6 సెకన్లు.

ఒకే కార్ట్, ఒకే ట్రాక్, పావుగంట తేడా. ఆ 3.2 సెకన్లు ఎక్కడ దాగి ఉన్నాయో వెతుక్కోవడమే ఈ తొమ్మిదేళ్ళ నా అభిరుచి.

చూడని వారికోసం ట్రాక్ ఎలా ఉంటుందో క్లుప్తంగా చెబుతాను. సాధారణంగా అది ఒకప్పుడు గోడౌనుగా వాడిన పెద్ద భవనం. నునుపైన కాంక్రీటు నేల మీద ప్లాస్టిక్ అడ్డుకట్టలతో వంపులు తిరిగే దారి వేస్తారు. ప్రతి కార్ట్‌కూ ఒక చిన్న సంకేత పరికరం బిగించి ఉంటుంది. నేలలో పాతిన తీగ మీదుగా అది దాటిన ప్రతిసారీ కంప్యూటరు సెకనులో వెయ్యోవంతు వరకు లెక్కగట్టి ఆ ల్యాప్ సమయం నమోదు చేస్తుంది. ఈ దేశంలో ఇప్పుడు చాలాచోట్ల విద్యుత్ కార్ట్‌లే నడుస్తున్నాయి. పెట్రోలు ఇంజన్లను నాలుగు గోడల మధ్య నడిపితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుపోతుంది కనుక, దాన్ని బయటికి పంపడానికి పెద్ద ఏర్పాటు కావాలి. బ్యాటరీతో ఆ బెడద లేదు. 2003లో కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో మొదలైన కే1 స్పీడ్ సంస్థ విద్యుత్ కార్ట్‌లతోనే దేశమంతటా విస్తరించింది. ఎవరైనా గోడకు తగిలి ఆగిపోతే, పసుపు జెండా చూపించి అన్ని కార్ట్‌ల వేగాన్నీ రిమోట్‌తో ఒక్కసారిగా తగ్గించగలగడం విద్యుత్ వల్ల కలిగిన ఇంకొక మేలు.

ఈ ఆట పుట్టింది కూడా కాలిఫోర్నియాలోనే. కర్టిస్ క్రాఫ్ట్ అనే రేసు కార్ల తయారీ సంస్థలో పనిచేసే ఆర్ట్ ఇంగెల్స్, 1956లో లూ బొరెల్లి అనే మిత్రుడి సాయంతో, ఇనుప గొట్టాల చట్రానికి పచ్చిక కోసే యంత్రపు ఇంజన్ బిగించి మొదటి కార్ట్ తయారు చేశాడు. పాసడీనాలోని రోజ్ బౌల్ మైదానం పార్కింగ్ స్థలంలో దాన్ని నడుపుతుంటే చూసినవాళ్ళు తమకూ అలాంటిది కావాలన్నారు. ఆరేళ్ళు తిరగకుండానే, 1962లో, అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య కార్టింగ్ కోసం ప్రత్యేకంగా ఒక కమిషన్‌ను ఏర్పాటు చేయవలసి వచ్చింది. పగలంతా ఖరీదైన రేసు కార్లు తయారు చేసే మనిషి సాయంత్రం తన సరదా కోసం నాలుగు గొట్టాలు అతికించి చేసుకున్న బండి ఇది అన్న సంగతి నాకు చాలా ఇష్టం. ఇది మొదటినుంచీ అభిరుచిగానే పుట్టింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2018 వేసవిలో మా నాన్నగారు ఇక్కడికి వచ్చారు. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. ట్రాక్టర్లు రాకముందు రోజుల్లో ఎడ్లబండి మీద ధాన్యం తోలినవారు. ఒక మంగళవారం ఆయనను నాతోపాటు ట్రాక్‌కు తీసుకువెళ్ళాను. ఆయన రేసు చూడలేదు. పక్కన మరమ్మతు చేసే చోట ఒక కార్ట్ వెనుక భాగాన్ని స్టాండు మీదికి ఎత్తి ఉంచితే, చేతులు వెనక్కి కట్టుకొని దాని దగ్గరే నిలబడ్డారు. మెకానిక్ ఒకవైపు వెనుక చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోవైపు చక్రం కూడా దానితోపాటే తిరిగింది. నాన్నగారు వంగి కిందికి చూసి, నా వైపు తిరిగి, "ఇదేందిరా, దీనికి ఇరుసే తిరుగుతోంది! మరి మలుపులో లోపలి చక్రం ఏం జేస్తది?" అని అడిగారు.

అప్పటికి నేను రెండేళ్ళుగా కార్ట్ నడుపుతున్నాను. ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు.

ఎడ్లబండికి ఇరుసు కదలదు. చక్రాలు దేనికది ఇరుసు మీద విడిగా తిరుగుతాయి. అందుకే కందెన పెడతారు, చక్రం జారిపోకుండా చీల కొడతారు. బండిని ఎడమకు తిప్పాలంటే దాపలెద్దు పగ్గం బిగబట్టి, వలపలెద్దును అదిలిస్తారు. ఎడమ చక్రం దాదాపు ఉన్నచోటే నెమ్మదిగా తిరుగుతుంటే, కుడి చక్రం దాని చుట్టూ పెద్ద చుట్టు వేసి వస్తుంది. రెండు చక్రాల మధ్య దూరం ఒక మీటరు అనుకుంటే, బండి పూర్తిగా వెనక్కి మళ్ళే మలుపులో బయటి చక్రం లోపలి దానికన్నా 3 మీటర్లకు పైగా ఎక్కువ దూరం నడవాలి. మన కార్లలో ఈ తేడాను సర్దడానికి డిఫరెన్షియల్ ఉంటుంది. కార్ట్‌కు అది లేదు. ఒకే కడ్డీకి రెండు వెనుక చక్రాలూ బిగించి ఉంటాయి కనుక, అవి ఎప్పుడూ ఒకే వేగంతో తిరగక తప్పదు. అంటే నేల మీద రెండూ గట్టిగా ఆనుకొని ఉన్నంతసేపూ కార్ట్ తిన్నగా పోవాలనే చూస్తుంది. మనం స్టీరింగ్ తిప్పితే ఏదో ఒక చక్రం నేలను రాసుకుంటూ ఈడ్చుకుపోవాలి. ఆ ఈడ్పులోనే మోటారు శక్తి ఖర్చైపోతుంది.

మరి కార్ట్ మలుపు ఎలా తిరుగుతుంది? లోపలి వెనుక చక్రం నేలను వదిలి పైకి లేవడం వల్ల తిరుగుతుంది. ముందు చక్రాలు ఏ కడ్డీల మీద తిరుగుతాయో వాటిని నిటారుగా కాక, పైభాగం కొంచెం వెనక్కి వాలేలా అమరుస్తారు. ఆ వాలు వల్ల స్టీరింగ్ ఎడమకు తిప్పినప్పుడు ఎడమ ముందు చక్రం చట్రానికన్నా కిందికి దిగుతుంది, కుడి ముందు చక్రం పైకి పోతుంది. అదే సమయంలో మలుపు వల్ల బరువంతా కుడి వైపుకు ఒరుగుతుంది. ఈ రెండూ కలిసేసరికి ఎడమ వెనుక చక్రం తేలిపోతుంది. ఆ కొద్ది క్షణాలు కార్ట్ మూడు చక్రాల మీద నడుస్తుంది. మలుపు అయిపోయి స్టీరింగ్ సరిచేయగానే నాలుగోది నేలకు దిగుతుంది. స్ప్రింగులు లేని ఈ బండిలో ఈ పని జరిగేలా ఆ ఇనుప గొట్టాలే కాస్త మెలితిరుగుతాయి. ఇదంతా తెలుసుకొని వచ్చి, రెండు రోజుల తరువాత భోజనాల బల్ల దగ్గర నాన్నగారికి చెబితే, ఆయన ఒక్క మాటలో తేల్చేశారు: "అంటే కోడు పొట్టిదైన నులక మంచం లాగానన్నమాట. మనిషి ఎటు కూర్చుంటే అటు కోడు ఆనుద్ది, ఎదురుది లేస్తది."

ఆ మాట తరువాత నా డ్రైవింగ్ మారింది. మోటారు సైకిలు అలవాటు కొద్దీ నేను మలుపులో శరీరాన్ని లోపలికి వంచేవాణ్ణి. అలా వంగితే నా బరువు ఏ చక్రం లేవాలో దాని మీదే పడుతుందని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు నిటారుగా కూర్చుంటాను. స్టీరింగ్‌ను కొంచెం కొంచెంగా అటూ ఇటూ దిద్దుకుంటూ పోతే చక్రం లేస్తూ దిగుతూ కార్ట్ తడబడుతుంది. కనుక మలుపుకు ఒక్కసారే, తొందరపడకుండా, ఎంత కావాలో అంతే తిప్పి పట్టుకోవాలి. అద్దెకు ఇచ్చే విద్యుత్ కార్ట్‌లు బ్యాటరీల వల్ల బరువుగా ఉంటాయి, చట్రం కూడా పోటీ కార్ట్‌లంత సులువుగా వంగదు, అందువల్ల ఈ మృదుత్వం వీటిలో ఇంకా ఎక్కువ అవసరం. ఆ పెద్దావిడ చేతులు కదలనట్టు ఎందుకు కనిపించాయో నాకు రెండేళ్ళ తరువాత, మా నాన్నగారి పుణ్యాన తెలిసింది.

కీచుమనే చప్పుడు సంగతి కూడా అప్పుడే తేలింది. టైరు జారుతున్నదంటే కార్ట్ వేగం వేడిగా మారి నేల పాలవుతున్నదని అర్థం. చప్పుడు ఎక్కువైన కొద్దీ ల్యాప్ సమయం పెరుగుతుంది. టైర్లు సరిగ్గా జారబోయే అంచుకు వచ్చినప్పుడు సన్నగా, గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం చేస్తాయి. కార్ట్‌ను అక్కడే నిలిపి ఉంచడం నేర్చుకోవాలి. విద్యుత్ కార్ట్‌లో ఇంజన్ హోరు లేదు కనుక ఈ సన్నని శబ్దం చెవికి స్పష్టంగా అందుతుంది.

ఇక దారి ఎంచుకోవడం. ఒక మలుపును ఎంత విశాలమైన వంపుగా మార్చుకోగలిగితే అంత వేగంగా దాటవచ్చు. లెక్క ప్రకారం వంపు వ్యాసార్ధం నాలుగింతలైతే, టైర్లకు నేల మీదున్న అదే పట్టుతో రెండింతల వేగంతో వెళ్ళవచ్చు. అందుకని ట్రాక్ బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మలుపు మధ్యలో లోపలి అంచును తాకేంత దగ్గరగా వచ్చి, మళ్ళీ బయటి అంచుకు కార్ట్‌ను వదలాలి. పుస్తకంలో చదివితే ఇది అయిదు నిమిషాల పని. నాకు అలవడడానికి ఏడాది పట్టింది, ఎందుకంటే మనసు ఎప్పుడూ లోపలి అంచును తొందరగా చేరుకోవాలని తహతహలాడుతుంది. తొందరగా చేరితే మలుపు చివర గోడ ఎదురొస్తుంది, యాక్సిలరేటర్ వదలక తప్పదు. ఓపికపట్టి, కాస్త ఆలస్యంగా లోపలికి తిరిగినవాడికి ముందు దారి తెరుచుకుంటుంది, మలుపు సగంలోనే పాదం పూర్తిగా దించవచ్చు. ముఖ్యంగా అన్నిటికన్నా పొడవైన తిన్నని దారికి ముందుండే మలుపులో ఈ ఓపిక అవసరం. అక్కడ సంపాదించిన కాస్త వేగం ఆ దారి పొడవునా మనతో వస్తుంది. చూపు ఎప్పుడూ ముందుకుండాలి. ఎదుటి కార్ట్ బంపరును చూస్తూ నడిపేవాడు దాని వెనకే ఉండిపోతాడు.

ఇంత శ్రమపడితే దక్కేది ఎంత అని అడగవచ్చు. గంటకు 72 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 20 మీటర్లు. సెకనులో పదోవంతుకు 2 మీటర్లు, దాదాపు ఒక కార్ట్ పొడవు. ఆ వేగం ఇండోర్ ట్రాక్‌లో తిన్నని దారి చివర మాత్రమే వస్తుంది. అందులో సగం వేగంతో తిరిగే మలుపుల్లో పదోవంతు సెకను అంటే ఒక మీటరు. అంటే నాలుగు మలుపుల్లో తలా పదోవంతు సంపాదించినవాడు ఒక్క ల్యాప్‌లో రెండు కార్ట్‌ల దూరం ముందుంటాడు. మా ఇంట్లో ఒక అట్టపెట్టె నిండా ఆ ల్యాప్ కాగితాలు ఉన్నాయి. ప్రతిదాని వెనుకా ఆ రోజు ఏ మలుపులో ఏం మార్చి చూశానో పెన్సిలుతో రాసుకున్నాను. "మూడో మలుపు, బ్రేకు ఒక గజం ముందు, 0.14 తగ్గింది" లాంటి మాటలు అవి. ఇవి వేరే ఎవరికీ అక్కరలేని కాగితాలు. నాకు మాత్రం అవి తిరగేసినప్పుడు, సంగీతం నేర్చుకున్నవారికి పాత స్వరాల పుస్తకం చూసినప్పుడు కలిగేలాంటి ఆనందం కలుగుతుంది.

సొంత కార్ట్ కొనాలా అని కొందరు మిత్రులు అడిగారు. అక్కరలేదనే నా అభిప్రాయం. అద్దె కార్ట్‌లలో నాకు నచ్చేదే ఆ సమానత్వం. ఎవరి డబ్బూ ఎవరి కార్ట్‌నూ వేగవంతం చేయదు. ఏ నంబరు వస్తే అదే నడపాలి. ఒకటి కాస్త చురుకుగా, ఒకటి కాస్త మందంగా ఉండే మాట నిజమే, అయినా ఏడాది మొత్తం మీద అది అందరికీ సర్దుకుంటుంది. మనిషి బరువు మాత్రం తేడా చూపుతుంది. తేలికపాటి వారి కార్ట్ మలుపు నుంచి తొందరగా వేగం పుంజుకుంటుంది, అందుకే కొన్ని పోటీల్లో వారికి అదనపు బరువు కడతారు. ఒక్కో రేసుకు సుమారు పాతిక, ముప్ఫై డాలర్లు అవుతుంది. నేను వారానికి రెండు రేసులకు మించి చేయను. మూడో రేసుకు ముంజేతులు అలిసిపోయి, నేర్చుకున్నది చెడగొట్టుకుంటాం.

కార్ట్‌లతో మొదలుపెట్టి ఫార్ములా వన్ కార్ల రేసుల్లో ప్రపంచ ఛాంపియన్లుగా పేరు తెచ్చుకున్న వారి సంగతి చెప్పాలంటే, అయర్టన్ సెన్నాకు నాలుగేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పచ్చిక కోసే యంత్రపు ఇంజన్‌తోనే ఒక చిన్న కార్ట్ చేసి ఇచ్చాడు. మైకేల్ షూమాకర్ తండ్రి జర్మనీలోని కెర్పెన్‌లో కార్ట్ ట్రాక్ చూసుకునేవాడు. లూయిస్ హామిల్టన్ ఎనిమిదేళ్ళకు మొదలుపెట్టాడు. మాక్స్ వెర్‌స్టాపెన్ తల్లి సోఫీ కుంపెన్ స్వయంగా పేరుపొందిన కార్ట్ రేసర్. పిల్లల తల్లిదండ్రులు ఈ పేర్లు విని లెక్కలు వేసుకోవద్దని నా మనవి. ఆ దారి వేరు, దానికయ్యే ఖర్చు వేరు. నేను చెబుతున్నది నలభై ఏళ్ళవాడు, అరవై ఏళ్ళ ఆవిడ, పదహారేళ్ళ కుర్రవాడు ఒకే వరసలో నిలబడే ఆట గురించి. మా మంగళవారం బృందంలో ఒక బస్సు డ్రైవరు ఉన్నారు, ఒక దంతవైద్యురాలు ఉన్నారు. రేసు అయ్యాక అందరం గోడకు తగిలించిన తెర ముందు నిలబడి ఒకరి సమయాలు ఒకరం చదువుకుంటాం, ఎక్కడ ఎలా తిరిగామో చేతులతో గాలిలో గీసి చూపించుకుంటాం.

మన ఊళ్ళకూ ఈ వ్యవహారం దూరమైనది కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ విద్యుత్ కార్ల రేసు జరిగింది. ఆ రోజు ఇక్కడ నిద్ర మానుకొని చూసినవాళ్ళలో నేనొకణ్ణి. ఒకప్పుడు సైకిలు మీద తిరిగిన దారిలో రేసు కార్లు మలుపులు తీసుకుంటుంటే, కన్నార్పకుండా వాటి ముందు చక్రాలనే చూస్తూ కూర్చున్నాను.

ఇంకొక విషయం చెప్పకుండా నేను ఈ వేదిక దిగలేను. ఈ బండికి ఇరుసు తిరుగుతుందని చెప్పాను. అది మన వీపు వెనుకే, జానెడు దూరంలో, నిమిషానికి వందల చుట్లు తిరుగుతూ ఉంటుంది. 2020లో హైదరాబాద్ శివారులోని ఒక ట్రాక్‌లో కార్ట్ చక్రంలో జుట్టు చిక్కుకొని ఒక విద్యార్థిని ప్రాణం పోయింది. ఆ వార్త చదివిన రోజు నేను ట్రాక్‌కు వెళ్ళలేకపోయాను. దయచేసి, మీరుగానీ మీ పిల్లలుగానీ ఎక్కడ కార్ట్ ఎక్కినా, జడను ముడిచి హెల్మెట్ లోపలికి, చొక్కా లోపలికి దోపుకోండి. చున్నీ, కండువా, వేలాడే తాడున్న జాకెట్ ఏదీ ఒంటిమీద ఉండకూడదు. వెనుక ఇరుసు మీద, మోటారు మీద కప్పు ఉందో లేదో వంగి చూడండి. లేకపోతే డబ్బు వదులుకొని వెనక్కి వచ్చేయండి. సిబ్బంది తొందరపెట్టినా సరే, హెల్మెట్ పట్టీ మీ వేలితో లాగి చూసుకోండి. సీటు వదులుగా ఉంటే పక్కన పెట్టుకునే మెత్తలు అడగండి. నాలుగేళ్ళ కిందట నేను ఆ మాట అడగడానికి మొహమాటపడి, పక్కటెముక కమిలి, మూడు వారాలు నవ్వడానికి కూడా ఇబ్బందిపడ్డాను.

మీలో ఎవరైనా రావాలనుకుంటే మంగళవారం సాయంత్రం ఏడింటికి నేను అక్కడే ఉంటాను. మొదటి రోజు మీ కాగితంలో ఏ సంఖ్య వచ్చినా దాచుకోండి, ఏడాది తరువాత అది కావాలి. ఆ పెద్దావిడ ఇప్పటికీ వస్తారు. ఆవిడకు ఇప్పుడు డెబ్బై ఏళ్ళు. అదే ట్రాక్‌లో నా మంచి ల్యాప్ 31.1 సెకన్లకు వచ్చింది. ఆవిడది 30.9. ఆ తేడా అంతా ఏడో మలుపులోనే ఉంది. అక్కడ నేను బ్రేకు ఇంకా ఎక్కువసేపు పట్టుకుంటున్నానని ఆవిడే పోయిన వారం చెప్పారు. ఈ మంగళవారం కాస్త ముందే వదిలి చూస్తాను.

ప్రశ్నలుంటే అడగండి. విన్నందుకు కృతజ్ఞతలు.